పరీక్ష తప్పిన పిల్ల

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన నాటి సాయంకాలము మన వీధులలో రెండు విధములైన యిండ్లు కానవచ్చును. ఒక యింట మిఠాయి పంచుచుందురు. వేరొక యింట తలుపులు ఓరగా వేసియుండును. లోపల నొక పిల్ల మోకాళ్లలో తల దాచుకొని కూర్చుండును. వంటయింటిలో తల్లి యెసరు పెట్టి, ఏమి చెప్పవలయునో తోచక నిలిచియుండును. ముందుగదిలో ఇరుగుపొరుగువారిలో నెవరో యొకరు, "ఆడపిల్లకు ఇంతకుమించి చదువెందులకండీ? మంచి సంబంధమేదైన వచ్చిన చూడరాదా?" యని సలహా చెప్పుచుందురు.

సోదరీమణులారా! ఆ పిల్ల భవిష్యత్తు పరీక్షశాలలో నిర్ణయము కాలేదు. అది ఆ సాయంకాలమునను, తరువాతి పదిపదునైదు దినములలోను నిర్ణయము కానున్నది. తప్పినది లెక్కలలోనో, ఆంగ్లములోనో యొక పత్రము మాత్రమే. ఆ తప్పుటకు ఇంటివారును బడివారును ఏమి యర్థము చెప్పుదురో దానినిబట్టి ఆ బాలిక మరల పుస్తకము తెరచుటయో, అటకపై పెట్టుటయో జరుగును.

"పట్టుదల గలవారు ఎట్లయినను పైకి వత్తురు, లేనివారికి ఎన్ని చెప్పినను వ్యర్థము" అని మనము సులభముగా అనుచుందుము. కంటిరంగువలె పట్టుదలయు పుట్టుకతో వచ్చునని మన యభిప్రాయము. నా మనవి వేరు. పట్టుదల యనునది ఒక్క పిల్ల స్వార్జితము కాదు. ఇల్లును బడియు తోడిపిల్లలును కలిసి కూడబెట్టిన యుమ్మడి యాస్తి యది. ఇందులకు మన తెలుగునాటనే చక్కని నిదర్శనము గలదు.

శ్రీమతి దుర్గాబాయమ్మగారు 1909 వ సంవత్సరము జులై 15 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. 1923 లో కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భమున, టిక్కెట్టు లేనిదే నెహ్రూగారినైనను ప్రదర్శనశాలలోనికి పోనీయని చిన్న స్వచ్ఛందసేవికగా వారిని మనలో ననేకులు ఎరుగుదురు. వారి చదువు నడచిన త్రోవ మాత్రము కొందరికే తెలియును. ఎనిమిదవ యేట వివాహమైనది. పండ్రెండేండ్ల ప్రాయమున, పాఠములన్నియు ఆంగ్లముననే చెప్పుటకు నిరసనగా బడి మానిరి. తాము హిందీ నేర్చుకొని, ఇతర స్త్రీలకు నేర్పుటకై బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పిరి. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని 1930 మొదలు 1933 వరకు గల కాలములో పలుమారు చెరసాలకు పోయిరి. అచ్చట తమపై మోపిన నేరమేమో సరిగా తెలియని, చట్టమెరుగని నిరుపేద స్త్రీలను చూచిరి. వీరి పక్షమున మాటాడవలెనన్న న్యాయశాస్త్రము చదువవలయునని వారి మనస్సున నాటుకొన్నది.

కాని న్యాయశాస్త్రము చదువుటకు పట్టము కావలెను. పట్టమునకు ఇంటర్మీడియట్టు, దానికి మెట్రిక్యులేషన్ కావలెను. పండ్రెండవ యేట బడి విడిచినవారి చేత ఆ మొదటి మెట్టుకు వలసిన కాగితమైనను లేదు. ఇరువదియైదేండ్ల వయసునకు సమీపించిన స్త్రీ, పదునైదేండ్ల పిల్లలు వ్రాయు పరీక్షకు కూర్చుండుట యన్న నలుగురు నవ్వుదురను సంకోచము కలుగకుండునా? దుర్గాబాయమ్మగారు కూర్చుండిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమువారి మెట్రిక్యులేషనును, పిదప ఇంటర్మీడియట్టును ముగించి, రాజనీతిశాస్త్రము చదువగోరి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుమ్మము త్రొక్కిరి.

అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. స్త్రీలకు వసతిగృహము లేదుగదా, ఎట్లు చేర్చుకొందుమని వారి సందేహము. మరియొకరైన, వసతి లేదట యని యింటికి మరలి వచ్చియుందురు. దుర్గాబాయమ్మగారు చదువగోరు యువతులు రావలసినదని పత్రికలలో ప్రకటన చేసి, వచ్చినవారిని కూర్చుకొని, వసతిగృహమును తామే ఏర్పరచిరి. పిమ్మట పరిషత్తువారికి తలుపు తీయక తప్పలేదు. 1942 లో మదరాసున న్యాయశాస్త్రపట్టము పొంది, ఉన్నతన్యాయస్థానమున న్యాయవాదినియైరి. 1946 లో రాజ్యాంగసభకు సభ్యురాలైరి.

ఈ కథలో పట్టుదల యున్నదని యెల్లరును ఒప్పుకొందురు. కాని యింకొక సంగతిని గమనింపుడు. ఆమెకు గది లేనప్పుడు తన యొక్కతెకే గది సంపాదించుకొనుట చాలునని తలపలేదు. తనవంటివారిని పదిమందిని చేర్చిరి. ఆ పదిమంది యుండుటచేతనే గది ఏర్పడినది. ఒంటరిగా నడచినచో అలసిపోవు దూరమును, తోడున్న నడువగలమని వారు అనుభవమున నెరిగియుండిరి.

అందుచేతనే 1937-38 ప్రాంతమున మదరాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించినప్పుడు, తెలుగు బాలికలను కాశీ మెట్రిక్యులేషనుకు తయారుచేయు తరగతి ఆ సభ మొదటి పనులలో నొకటియైనది. తాము ఎక్కిన మెట్టుకు తామే నిచ్చెన వేసిరన్నమాట. అచ్చట నడుమ ఆగిన చదువు సిగ్గుపడవలసిన సంగతి కాదు. అది యచ్చటివా రందరి సంగతి. మధ్యలో చదువు మానినవారే తరగతినిండ కూర్చుండినప్పుడు, ఎవరు ఎవరిని చూచి నవ్వగలరు? సభ పక్షమున "ఆంధ్రమహిళ" యను పత్రికయు వెలువడినది. పిదప 1953 లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమమండలికి దుర్గాబాయమ్మగారే ప్రథమాధ్యక్షులు. ఆ మండలివారు 1958 లో, చిన్ననాడు చదువు తప్పిన వయోజనస్త్రీలకు కొద్దికాలములో పరీక్షల వరకు చదువు చెప్పు సంక్షిప్త విద్యాతరగతులను దేశమంతటను ఆరంభించిరి. మదరాసులో ఒక తరగతిలో మొలచిన యాలోచన దేశమునకు నీడయైనది. 1981 మే 9 వ తేదీన వారు కీర్తిశేషులైరి.

ఇంక శాస్త్రజ్ఞు లేమనుచున్నారో కొంచెము వినుడు. 1998 లో అమెరికాలో క్లాడియా మ్యూలర్, కేరొల్ డ్వెక్ అను ఇరువురు విదుషీమణులు అయిదవ తరగతి పిల్లలతో కొన్ని పరిశోధనలు జరిపి ప్రకటించిరి. పిల్లలకు కొన్ని ప్రశ్నలిచ్చి, చేసిన తరువాత కొందరిని "నీవు చాల తెలివిగలవాడవు" అనియు, మరికొందరిని "నీవు బాగుగా కష్టపడితివి" అనియు మెచ్చుకొనిరి. పిదప ఏ విధమైన పని కావలెనని యడుగగా, తెలివిని మెచ్చుకొనబడినవారిలో పెక్కుమంది సులభమైన పనిని కోరుకొనిరి. శ్రమను మెచ్చుకొనబడినవారిలో పదింట తొమ్మిదిమంది క్రొత్త సంగతి నేర్చుకొను పనినే కోరిరి. తరువాత కఠినమైన ప్రశ్నలిచ్చి ఓడించి, మరల మొదటివంటి వానినే యిచ్చినప్పుడు, తెలివివా రని పేరుపొందినవారు మొదటికంటె తగ్గిరి. శ్రమకు పొగడ్త పొందినవారు మొదటికంటె మెరుగుపడిరి. కారణము ఊహింపరానిది కాదు. తెలివిగలదానవని పేరు పెట్టినచో, ఆ పేరు పోవునేమో యని పిల్లకు భయము. భయపడిన పిల్ల కష్టమైన లెక్క జోలికి పోదు.

ఇంతమాత్రమున నాలుగు మంచిమాటలు చెప్పిన చాలునని తలపరాదు. 2019 లో నేచర్ అను శాస్త్రపత్రికలో ప్రకటింపబడిన వేరొక పరిశోధన మనకు మరింత ముఖ్యమైనది. అమెరికాలోని 65 పాఠశాలలలో తొమ్మిదవ తరగతి చదువు సుమారు 12 వేలమందితో దానిని జరిపిరి. సాధనచేత బుద్ధి పెంపొందునని తెలుపు పాఠమును రెండు దఫాలుగా, మొత్తముమీద గంటకు మించకుండ చెప్పిరి. వెనుకబడిన పిల్లల మార్కులు కొంచెము మెరుగుపడినవి. ఆ కొంచెము గూడ ఎచ్చట నిలిచినదో చూడుడు: కష్టమైన పనికి పూనుకొనుట గౌరవమని తోడిపిల్లలు తలచు బడులలోనే అది బాగుగా నిలిచినది. మంచి విత్తనమైనను నేల పదునుగా నున్నగాని మొలకెత్తదని మన రైతు ఎరుగును. బడి యంతయు ఆ నేల. ఇల్లును అందులో నొక చెక్క.

కావున, మనము చేయదగిన పనులు కొన్ని గలవు. మొదటిది మాట. "నాకు లెక్కలు రావు" అని పిల్ల యనును. మన భాషలో "రావు" అను మాటకు కాలము లేదు. నిన్నయు రాలేదు, నేడును రావు, రేపును రావనియే దాని తాత్పర్యము. "రావనకుము, ఇంకను రాలేదనుము" అని మెల్లగా సరిదిద్దుడు. మాట చిన్నదే. కాని మొదటిది మూసిన తలుపు, రెండవది తెరచిన తలుపు. మెచ్చుకొనునప్పుడు "ఎంత తెలివిగలదో మా బంగారుతల్లి!" యనుటకు బదులు, "రెండుమారులు కొట్టివేసి మూడవమారు సాధించితివే, ఎట్లు చేసితివి?" అని యడుగుడు. అట్లని వట్టి శ్రమను పొగడుటయు తగదు. తప్పుదారిని పట్టి రాత్రులు మేలుకొనిన పిల్లకు పొగడ్తకంటె వేరొకదారి చూపుట మేలు.

రెండవది కారణము వెదకుట. నల్లబల్లమీది యక్షరములు కానరాని పిల్లను సోమరి యనుచున్నామేమో! ప్రొద్దున అంట్లు తోమి, చంటిబిడ్డను ఎత్తుకొని, ఆలస్యముగా బడికి పోవు బాలికకు మనము పట్టుదలనుగూర్చి ఉపన్యసించుట న్యాయము కాదు. ముందుగా కన్నులు చూపింపవలెను, ఆకలి తీర్పవలెను, ఇంటిపనిలో కొంత యన్నదమ్ములకు పంచవలెను. ఇవి చేయక పిల్లనే నిందించుట, నీరు పోయక మొక్కను తిట్టుటవంటిది.

మూడవది బడితోడి సంబంధము. బడి ఉపాధ్యాయులదే యని మనము దూరముగా నుందుము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వపాఠశాలల నిర్వహణసంఘములలో మూడువంతులకు తక్కువ కాకుండ తలిదండ్రులు లేక సంరక్షకులుండవలెను. సభ్యులలో సగము స్త్రీ లుండవలెను. ఈ యధికారము మనకు చట్టమిచ్చినది. సభకు పిలిచినప్పుడు వంటపని సాకుగా చెప్పక పోవుడు. పోయి రెండు మూడు సంగతులు అడుగుడు: తప్పు జవాబు చెప్పిన పిల్లను చూచి తరగతిలో నవ్వుచున్నారా? దిద్దిన పత్రములను తిరిగి యిచ్చి, తప్పులను సరిచేసి మరల వ్రాయుట కవకాశ మిచ్చుచున్నారా? పెద్దతరగతి బాలికలు చిన్నవారికి వారమున కొక గంటయైన చెప్పుటకు ఏర్పాటున్నదా? ఉపాధ్యాయినిపై కోపముతో అడుగవద్దు. ఆమెయు నలుబదిమంది పిల్లలతో వేగుచున్న మన సోదరియే. ఆమె కష్టమును విని, చేతనైన సాయము చేయుడు.

నాలుగవది రెండవ ద్వారమును తెలిసికొనుట. పదవ తరగతి తప్పినవారికి కొద్దికాలములోనే అనుబంధ పరీక్షలు జరుగును. బడికి పోవు వీలు లేనివారికి ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను సార్వత్రిక విద్యాపీఠములున్నవి. 1989 లో స్థాపింపబడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థయు గలదు. ఇంటిపనులు చూచుకొనుచునే ఇచ్చట పది, ఇంటర్మీడియట్టు ముగింపవచ్చును. ఈ సంగతి మీ కూతురికే గాక, చదువు మానిన మీ కోడలికి, మీ యింట పనిచేయు నామె బిడ్డకు, చదువ గోరిన మీకును వర్తించును.

ఇప్పుడు మరల ఆ సాయంకాలమునకు పోదము. ముందుగదిలోని సలహాదారును మర్యాదగా సాగనంపుడు. ఎసరు మరిగినది, అన్నము వండి, పిల్లను పిలిచి, ముందుగా కడుపునిండ పెట్టుడు. ఆ రాత్రి మార్కుల ప్రసక్తి వద్దు. ఉదయమున లెక్కల పుస్తకము చేతికిచ్చి, "ఎచ్చట ఆగిపోయితివో చూపుమమ్మా" యని ప్రక్కన కూర్చుండుడు. మీకు ఆ లెక్క తెలియకపోవచ్చును. తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుడు. "నాకును ఇంకను రాలేదు. పద, ఇద్దరము బడికి పోయి మీ పంతులమ్మగారి నడుగుదము" అనుడు. తల్లి తన చేయి పట్టుకొని బడిగుమ్మము మరల ఎక్కించిన ఉదయమును ఏ బిడ్డయు మరువదు.