నమూనా విమానమునకు తోడు పెట్టె

తొమ్మిదవ శతాబ్దమున స్పెయిన్ దేశపు కార్డోబా నగరములో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అను పండితుడు రెక్కలు కట్టుకొని గాలిలో ఎగిరెనని చరిత్రకారుడు అల్ మక్కరీ వ్రాసియున్నాడు. కొంత దూరము ఎగిరినను, దిగునపుడు ఆయన వీపునకు దెబ్బ తగిలినదట. పక్షి తోక సాయముతో వాలునను సంగతి మరచి, తోకను అమర్చుకొనకపోవుటయే అందుకు కారణమని చెప్పుదురు. ఎంత విద్య యున్నను ఒక్క వస్తువు కొరవడినచో శ్రమ వృథా యగును. నమూనా విమానములను ఎగురవేయు విద్యార్థులకు ఇది నేటికిని పాఠమే.

ఒక ఆదివారము మేము కొందరు విద్యార్థులతో ఊరి వెలుపలి మైదానమునకు వెళ్ళితిమి. వారు రెండు నెలలు శ్రమించి చేసిన విమానము మొదటిసారి దిగునపుడే ముక్కు నేలకు తాకి ప్రొపెల్లరు చిట్లినది. మారు ప్రొపెల్లరు లేదు. జిగురుతో అతికించి ఎగురవేయుదమని ఒక విద్యార్థి అనెను. మేము వలదంటిమి. 10 అంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు 8,000 చుట్లు తిరుగునపుడు దాని కొన గంటకు సుమారు 380 కిలోమీటర్ల వేగముతో పోవును. అతికిన ముక్క ఊడినచో ఎవరి కంటికి తగులునో చెప్పజాలము. ఆ దినము అందరము చిన్నబోయి తిరిగి వచ్చితిమి. మరునాడే పెట్టె పని మొదలు పెట్టితిమి.

పెట్టె ఒక చేతితో మోయదగినదిగా ఉండవలెను. పలుచని ప్లైవుడ్‌తో 40 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు చాలును. ఇంటిలోని పోపుల పెట్టెను చూడుడు. అమ్మ చూడకయే ఆవాలు తీయును. ఏది ఎక్కడ ఉన్నదో చేతికి తెలియును. మన పెట్టెయు అట్లే ఉండవలెను.

అందుచే దానిని నాలుగు అరలు చేసితిమి. మొదటి అరలో బిగించు పనిముట్లు: స్క్రూడ్రైవర్లు, అలెన్ కీలు, కటింగ్ ప్లేయరు, ప్రొపెల్లరు నట్టుకు సరిపడు పానా. రెండవదానిలో మారు సామాను: రెండు ప్రొపెల్లర్లు, మరలు, రెక్కను కట్టు రబ్బరు బ్యాండ్లు. మూడవదానిలో అతుకు సామాను: 5 నిమిషములలో గట్టిపడు ఎపాక్సీ, టేపు, బ్లేడు, గరుకు కాగితము. నాలుగవదానిలో కొలత సాధనములు: స్కేలు, వోల్టు మీటరు. గాయములకు దూది, కట్టుగుడ్డ, మందు మూత లోపలి సంచిలో ఉండును.

లిథియం పాలిమర్ బ్యాటరీలను మాత్రము ఈ పెట్టెలో ఉంచరాదు. దెబ్బ తిన్నచో అవి మండవచ్చును. వాటికి నిప్పంటని సంచి వేరుగా కావలెను. ఒక్కొక్క సెల్లు నిండినపుడు 4.2 వోల్టులు చూపును. 3 వోల్టులకు దిగినచో చెడును. ఉబ్బిన బ్యాటరీని వాడనే రాదు.

ఎగురవేయుటకు ముందు స్కేలుతో బరువు కేంద్రమును చూడవలెను. సాధారణ నమూనాలలో అది రెక్క ముందంచు నుండి వెడల్పులో 25 నుండి 33 శాతము లోపల ఉండును. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లైనచో 5 నుండి 6.6 సెంటీమీటర్ల నడుమ అన్నమాట. అంతకు వెనుకకు జరిగినచో విమానము అదుపు తప్పును. ముందు ట్రాన్స్‌మిటరును వెలిగించి, పిదప విమానములోని బ్యాటరీని కలుపవలెను. దిగిన పిదప మొదట బ్యాటరీని విడదీసి, తరువాతనే ట్రాన్స్‌మిటరును ఆర్పవలెను. వరుస తప్పినచో మోటారు తనంతట తాను తిరుగు ప్రమాదమున్నది.

సామాను జాబితాను మూత లోపల అంటించితిమి. వెళ్ళునపుడొకరు, వచ్చినపుడు వేరొకరు దానిని చదివి సరిచూతురు. లేని వస్తువు కనబడినచో ఆ దినము విమానము కదలదు. ఈ నియమమును పెట్టినది మేము కాదు. ఆనాడు ప్రొపెల్లరును అతికింపబోయిన విద్యార్థియే. కళాశాల సంఘమువారు ఇట్టి పెట్టె నొకదానిని విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలకు చేకూర్చినచో, దాని ఖర్చు ఒక విమానము ఖర్చుకన్న తక్కువే యగును. కాపాడునది మాత్రము విద్యార్థుల కన్నులను, చేతులను.