నాలుగు చందమామలు, రెండు లక్షల తులాలు, ఒక్క సంతకం

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం. అక్కడ ఒక ఇంటిపేరు మెడిచి. ఆ మాటకు అర్థం ‘వైద్యులు’. చేసిన వృత్తి బ్యాంకు వ్యాపారం. చేరుకున్నది సింహాసనాలకు! ఒకే వంశంలో ముగ్గురు పోపులు, ఇద్దరు ఫ్రాన్స్ రాణులు, ఏడుగురు టస్కనీ గ్రాండ్ డ్యూకులు. ఈ ఇంటి రికార్డులు ఒక్కొక్కటీ ఒక్కో అద్భుతం. చదవండి.

నూరేళ్లకు మూడు తక్కువ

1397లో జొవాన్నీ డి బిచ్చి ఫ్లోరెన్స్‌లో బ్యాంకు తెరిచాడు. రోమ్, వెనిస్, జెనీవా, బ్రూజ్, లండన్... శాఖ మీద శాఖ! సాక్షాత్తూ పోపుగారి డబ్బూ ఈ బ్యాంకు చేతుల మీదుగానే నడిచింది. మంచి రోజుల్లో ఐరోపాలో దీన్ని మించిన బ్యాంకు లేదు. 1494లో మూతపడింది. మొత్తం ఆయుష్షు 97 ఏళ్లు.

బియ్యం బస్తాల్లో తూగే బంగారం

1434 నుంచి 1471 వరకు, అంటే 37 ఏళ్లలో, కట్టడాలకు, దానధర్మాలకు, పన్నులకు ఈ కుటుంబం ఖర్చు చేసిన సొమ్ము 6,63,755 ఫ్లోరిన్లు. ఈ లెక్క రాసిపెట్టింది జొవాన్నీ మునిమనవడు లొరెంజో. ఒక్కో ఫ్లోరిన్‌లో మూడున్నర గ్రాముల బంగారం. మొత్తం 2,300 కిలోలు! పది గ్రాముల తులం లెక్కన 2 లక్షల 30 వేల తులాలు. 25 కిలోల బియ్యం బస్తాల్లో నింపితే 92 బస్తాలు.

ఆరు తాళ్ల ఎత్తు కింద 19 పోట్లు

ఫ్లోరెన్స్ ప్రధాన చర్చి గుమ్మటం 116 మీటర్ల ఎత్తు. ఆరు తాటిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత! పట్టిన ఇటుకలు 40 లక్షలకు పైనే. ఇటుకలతో కట్టిన గుమ్మటాల్లో ప్రపంచంలో ఇదే అతి పెద్దది. ఈ వంశపు అతి ఘోరమైన రోజు కూడా ఈ గుమ్మటం కిందే. 1478 ఏప్రిల్ 26, ఆదివారం. ప్రార్థన జరుగుతుండగా ప్రత్యర్థులైన పాజ్జీ వంశపు కుట్రదారులు కత్తులు దూశారు. 24 ఏళ్ల జులియానోకు 19 పోట్లు. అన్న లొరెంజో మెడ మీద గాయంతో ప్రాణం దక్కించుకున్నాడు.

పదమూడేళ్ల కార్డినల్

లొరెంజో కొడుకు జొవాన్నీని 1489లో కార్డినల్‌గా నియమించారు. అప్పటికి అతని వయసు 13 ఏళ్లు. నేడైతే ఎనిమిదో తరగతి పిల్లాడు! 37 ఏళ్లకు పదో లియో పేరుతో పోపు అయ్యాడు. ఇంకో వింత: ఎన్నికైన నాటికి ఆయన పూజారి దీక్షే తీసుకోలేదు. పోపుగా ఎన్నుకున్నాకే దీక్ష ఇచ్చారు.

53 ఏళ్లు ఒకరు, 27 రోజులు ఒకరు

ఈ ఇంట్లో అతి సుదీర్ఘ పాలన మూడో కోసిమోది. 1670 నుంచి 1723 దాకా 53 ఏళ్లు గ్రాండ్ డ్యూకు. అతి పొట్టి పదవీకాలం పదకొండో లియోది. 1605 ఏప్రిల్ 1న పోపుగా ఎన్నికయ్యాడు, 27న కన్నుమూశాడు. ఒక్క నెల కూడా నిండలేదు. ఆయన ఒక్క పదవీకాలంతో కొలిస్తే కోసిమో పాలన 700 రెట్లకు పైనే!

ఒకే కడుపున అయిదు కిరీటాలు

ఈ ఇంటి ఆడపడుచు కేథరిన్ 14 ఏళ్లకు ఫ్రాన్స్ కోడలైంది. పదిమంది బిడ్డలను కన్నది. కొడుకుల్లో ముగ్గురు వరసగా ఫ్రాన్స్ రాజులు. కూతుళ్లలో ఒకరు స్పెయిన్ రాణి, ఒకరు ఫ్రాన్స్ రాణి. రికార్డుల్లోకెల్లా రికార్డు! ఫ్రాన్స్ రాణైన ఆ కూతురు మార్గరెట్‌తో పెళ్లి రద్దు చేసుకున్న ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ, 1600లో మళ్లీ పెళ్లాడింది కూడా మెడిచి అమ్మాయినే. ఆమె పేరు మరియా.

తలుపుకు రెండింతల బొమ్మలు

ఆ మరియా తన జీవితకథను రూబెన్స్ చేత బొమ్మల్లో గీయించింది. మొత్తం 24 చిత్రాలు. చాలావాటి ఎత్తు దాదాపు 4 మీటర్లు, మన ఇంటి తలుపుకు రెండింతలు! నేటికీ పారిస్‌లోని లూవ్ర్‌లో గదినిండా కొలువున్నాయి.

అన్నిటికన్నా పాత ఒపేరా, అన్నిటికన్నా పాత పియానో

మరియా పెళ్లి సంబరాల్లో, 1600 అక్టోబరు 6న, ఫ్లోరెన్స్‌లోని పిట్టి భవనంలో ‘యూరిడిచే’ ప్రదర్శించారు. సంగీతంతో సహా పూర్తిగా మిగిలిన ఒపేరాల్లో అదే అత్యంత పాతది. నూరేళ్లు గడిచాయి. 1700 నాటికి యువరాజు ఫెర్డినాండో కొలువులో క్రిస్టోఫరి పియానోను కనిపెట్టాడు. ఆయన చేసినవాటిలో నేటికి మిగిలినవి మూడే. 1720 నాటిది న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. దానికి 54 మెట్లు, నేటి పియానోకు 88.

అయిదు నెలల్లో ఆకాశబాట

1565లో మొదటి కోసిమో తన కొలువు నుంచి పిట్టి భవనం దాకా ఇళ్ల పైకప్పుల మీదుగా, ఆర్నో నది వంతెన మీదుగా నడవా కట్టించాడు. పొడవు ముప్పావు కిలోమీటరు. పట్టిన కాలం 5 నెలలు! వాస్తుశిల్పి వసారి. కొడుకు పెళ్లి ముహూర్తానికి సిద్ధం చేయించాడు. గ్రాండ్ డ్యూకులు వీధిలో అడుగు పెట్టకుండా నదిని దాటేవారు.

జిరాఫీకి మెడ, ఏనుగుకు మోకాలు

1487లో ఈజిప్టు సుల్తాను లొరెంజోకు జిరాఫీని పంపాడు. కిటికీల్లోంచి జనం అందించిన మేతను మెడ చాచి అందుకుంది! ఐరోపా మళ్లీ ప్రాణమున్న జిరాఫీని చూడడానికి 300 ఏళ్లకు పైగా పట్టింది. 1514లో పదో లియో పోపుకు పోర్చుగల్ రాజు పంపిన కానుక హన్నో, మన దేశపు తెల్ల ఏనుగు. పోపు ముందు మూడుసార్లు మోకరిల్లింది, తొండంతో నీళ్లు చిమ్మింది. రెండేళ్లకే చనిపోతే పోపు కన్నీరుమున్నీరయ్యాడు. దాని స్మారక చిత్రాన్ని రూపొందించింది సాక్షాత్తూ రఫేల్!

సప్త, సెత్తె... నవ, నోవె

మెడిచీలకు మన దేశం నుంచి ఉత్తరాలు రాసిన ఫ్లోరెన్స్ వర్తకుడు ఫిలిప్పో సస్సెట్టి. కొచ్చిన్, గోవాల్లో ఉండి 1585లో ఒక మిత్రుడికి రాసిన లేఖలో సంస్కృతానికీ ఇటాలియన్‌కూ పోలికలు పట్టాడు. దేవ అంటే దియో, సర్ప అంటే సెర్పె, సప్త అంటే సెత్తె, నవ అంటే నోవె! భాషా పండితుడు విలియం జోన్స్ ఇదే చుట్టరికాన్ని లోకానికి చాటింది 1786లో. సస్సెట్టి 200 ఏళ్లు ముందున్నాడు.

గోవాలో పదేళ్ల పాలరాయి

ఈ వంశపు గుర్తు చూడాలంటే ఇటలీ దాకా పోనక్కర్లేదు. పాత గోవాలోని బామ్ జీసస్ చర్చిలో ఫ్రాన్సిస్ జేవియర్ సమాధి పీఠం మూడో కోసిమో కానుక. ఫొజ్జీని అనే శిల్పి దీన్ని పదేళ్లు చెక్కాడు. ఓడెక్కి సముద్రాలు దాటి 1698లో అక్కడ నిలిచింది.

కోహినూరును మించిన వజ్రం

పసుపు ఛాయలో మెరిసే ‘ఫ్లోరెంటైన్’ వజ్రం 137 కారెట్లు. నేటి కోహినూరు 105.6 కారెట్లు మాత్రమే! మన గోల్కొండ గనులు తిరిగి చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే టస్కనీలో దీన్నీ చూసి, బొమ్మ గీసి పుస్తకంలో అచ్చువేశాడు. మెడిచీల తర్వాత ఇది హాబ్స్‌బర్గ్ వంశానికి చేరింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మాయమైంది. వందేళ్లు గడిచాక, కెనడాలోని బ్యాంకు లాకర్లో భద్రంగా ఉందని వారసులు 2025లో బయటపెట్టారు.

60 కోట్ల కిలోమీటర్ల అవతలి ఇంటిపేరు

1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రులను కనుగొన్నాడు. తన శిష్యుడైన రెండో కోసిమో, అతని తమ్ముళ్లు ముగ్గురు... లెక్క సరిగ్గా నాలుగు! ‘మెడిచి నక్షత్రాలు’ అని పేరు పెట్టాడు. వాటిలో గానిమీడ్ సౌరకుటుంబంలోనే అతి పెద్ద చంద్రుడు. అడ్డుకొలత 5,268 కిలోమీటర్లు. బుధగ్రహం 4,879, మన చందమామ 3,474. గ్రహాన్నే మించిన చంద్రుడు!

అన్నిటినీ గెలిచిన కాగితం

1737లో ఆఖరి గ్రాండ్ డ్యూకు పిల్లల్లేకుండా పోయాడు. మిగిలింది అక్క అన్నా మరియా లూయీజా ఒక్కతే. తరతరాల చిత్రాలు, శిల్పాలు, గ్రంథాలు ఆమె చేతిలో. అదే ఏడు టస్కనీ కొత్త పాలకులతో ఒప్పందం రాయించింది: ఇవి ప్రజలందరివి, ఫ్లోరెన్స్ దాటి పోకూడదు. 1743లో ఆమెతో ఈ పాలక వంశం అంతరించింది. బ్యాంకు 97 ఏళ్లు నిలిచింది, గ్రాండ్ డ్యూకుల గద్దె 168 ఏళ్లు నిలిచింది. చంద్రులకు పెట్టిన ఇంటిపేరు చెరిగి, అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో అన్న పేర్లు స్థిరపడ్డాయి. బొత్తిచెల్లి ‘వీనస్ జననం’ మాత్రం ఈనాటికీ ఫ్లోరెన్స్ ఉఫీజీ గ్యాలరీలోనే ఉంది. రెండు లక్షల తులాల బంగారం కొనలేని ఆయుష్షును ఒక ఒంటరి స్త్రీ పెట్టిన ఒక్క సంతకం ఇచ్చింది. 280 ఏళ్లు దాటాయి. ఆ రికార్డు ఇంకా పెరుగుతూనే ఉంది!