మీకు తెలుసా? గోదావరి తీరం నుంచి యూరప్ మైదానానికి

• రాజమహేంద్రవరం దగ్గర అఖండ గోదావరిగా పారే నది, తెలంగాణలో తొలిసారి అడుగుపెట్టేది నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద. భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు వింగర్ గుగులోత్ సౌమ్యది ఆ జిల్లాయే.

• మిడ్‌ఫీల్డ్‌కూ గోల్‌పోస్టుకూ మధ్య మైదానం అంచు వెంట బంతిని దూకుడుగా తీసుకెళ్లడం వింగర్ పని. వేగంతో పాటు, ప్రత్యర్థి వచ్చి మీద పడేలోపు ఎవరికి పాస్ ఇవ్వాలో తేల్చుకునే చురుకుదనం కావాలి.

• గోకులం కేరళ క్లబ్‌కు ఆడిన సౌమ్య, 2022లో తోటి ఫుట్‌బాలర్ జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా క్లబ్ డినామో జాగ్రెబ్‌లో చేరింది.

• 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆమె ఉంది. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డూ ఆమెదే.

• 2025 జులై 5న థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, సౌమ్య ఆడే భారత మహిళల జట్టు తొలిసారి అర్హత పోటీలు ఆడి గెలిచి మహిళల ఆసియా కప్‌లో చోటు సంపాదించింది. ఆ రెండు గోల్సూ మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్‌వే.

• ఫుట్‌బాల్‌ను వృత్తిగా ఎంచుకోవచ్చని గోదావరి జిల్లాల ఆడపిల్లలకు ధైర్యంగా చెప్పడానికి సౌమ్య ప్రయాణం చాలు.