బర్తరఫ్ ఉత్తర్వు ఇంటికి వచ్చిన రోజు

భానూర్‌లో భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, రామచంద్రపురంలో భెల్. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఇటువంటి ప్రభుత్వ సంస్థల జీతం మీద నిలబడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక ఇంటికి బర్తరఫ్ ఉత్తర్వు వచ్చిందనుకుందాం. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు వాయిదాలు, పెద్దల మందులు అన్నీ ఒక్కసారిగా ప్రశ్నార్థకమవుతాయి. కారణం వెతికితే, పై అధికారితో ఎన్నడో మొదలైన మాటపట్టింపు కనిపించవచ్చు.

"ఆయన నాపై కక్ష కట్టారు" అంటాడు ఉద్యోగి. అది నిజమే కావచ్చు. అయితే కక్షను నిరూపించడం కష్టం. న్యాయస్థానం ముఖ్యంగా పరిశీలించేది, ఉద్యోగి మాటను సక్రమంగా విన్నారా లేదా అన్న విషయాన్నే. ఇరుపక్షాల మాటా వినకుండా తీర్పు చెప్పరాదన్నది దైవప్రవక్త (స) మనకు నేర్పిన పాఠం కూడా.

సాక్షే న్యాయమూర్తి అయితే?

ఉత్తరప్రదేశ్ పోలీసు శాఖలో పనిచేసిన మొహమ్మద్ నూహ్ కేసు ఇందుకు నిదర్శనం. ఆయనపై శాఖాపరమైన విచారణ జరిపిన అధికారి, ఒక సాక్షి మాట మార్చగానే తానే సాక్ష్యమిచ్చాడు. మళ్లీ విచారణ పీఠంపై కూర్చుని 1948లో బర్తరఫ్ ఉత్తర్వు జారీ చేశాడు. ఒకే వ్యక్తి సాక్షిగానూ న్యాయనిర్ణేతగానూ ఉండడం సహజ న్యాయానికి విరుద్ధమని 1957లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా నూహ్‌కు ఊరట లభించలేదు. బర్తరఫ్ రాజ్యాంగం అమలులోకి రాకముందే జరిగినందున, హైకోర్టు తన కొత్త అధికారంతో దానిని రద్దు చేయజాలదని మెజారిటీ న్యాయమూర్తులు భావించారు.

హైదరాబాద్ నుండి వచ్చిన తీర్పు

విచారణాధికారి నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలని 1990 నవంబరు 20న మొహమ్మద్ రంజాన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు, కరుణాకర్ అనే ఉద్యోగికి మధ్య నడిచిన కేసులో 1993 అక్టోబరు 1న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ హక్కును మరింత విశదీకరించింది. ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నింటికీ ఇది వర్తిస్తుందని పేర్కొంది. రాజ్యాంగం 311వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగులకు ఇచ్చే రక్షణ ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు నేరుగా వర్తించదు. కనుక వారికి ఈ తీర్పు ఎంతో విలువైనది.

అయితే నివేదిక ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం దానంతటదే తిరిగి రాదని కూడా అదే ధర్మాసనం చెప్పింది. నివేదిక అందకపోవడం వల్ల తనకు ఏ విధంగా నష్టం జరిగిందో ఉద్యోగి చూపించాలి. ఉత్తర్వు రద్దయినా, నివేదిక ఇచ్చే దశ నుండి విచారణను తిరిగి కొనసాగించే అవకాశం సంస్థకు ఉంటుంది.

మనం చేయవలసినది

ఛార్జిషీటు అందిన నాడే జాగ్రత్త మొదలు కావాలి. ఆవేశంలో రాజీనామా రాయకూడదు, విచారణకు వెళ్లడం మానకూడదు. సంజాయిషీని గడువులోగా లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. సంబంధిత పత్రాలు కోరాలి, సాక్షులను ప్రశ్నించాలి. ఫిర్యాదు చేసిన అధికారే విచారణ జరుపుతుంటే ఆ అభ్యంతరాన్ని మొదటి రోజే రాసి ఇవ్వాలి. బర్తరఫ్ జరిగితే ముందుగా సంస్థ నియమావళి ప్రకారం అప్పీలు చేసుకోవాలి. ఆ తరువాత కార్మికులకు పారిశ్రామిక ట్రిబ్యునల్, ఇతరులకు హైకోర్టు వంటి మార్గాలున్నాయి. తప్పుకు మించిన శిక్ష పడిందనిపిస్తే దానిని తగ్గించే అధికారం 1971 చట్ట సవరణతో కార్మిక న్యాయస్థానాలకు లభించింది. రాజ్యాంగం ఎప్పుడు వస్తుందన్నది నూహ్ చేతిలో లేదు. అప్పీలు గడువు మాత్రం మన చేతిలో ఉంది.

ఇంట్లోవారి పాత్ర కూడా తక్కువేమీ కాదు. కాగితాలను తేదీల వారీగా భద్రపరచడం, ఖర్చు తగ్గించుకోవడం, కుంగిపోయిన మనిషికి తోడుగా నిలవడం వారు చేయగలిగిన సహాయం. మరొకటి కూడా ఉంది. నిజంగా తప్పు జరిగి ఉంటే దానిని దాచి అధికారిపై నింద మోపమని ప్రోత్సహించకూడదు. మనకు వ్యతిరేకంగానైనా సత్యానికే సాక్ష్యం పలకాలన్నది దివ్యఖుర్ఆన్ ఆదేశం. న్యాయం కోరే ఇల్లు ముందు తానే న్యాయంగా నిలబడాలి. అప్పుడే సహనం నిస్సహాయతగా మారకుండా, హక్కు కోసం సాగే పోరాటానికి బలమవుతుంది.