డబ్బు చక్రం లెక్క

“అంకుల్, ఆన్‌లైన్ కాసినోలో డబ్బు చక్రం మీద తెలివిగా పందెం కాస్తే గెలవచ్చట కదా?” మన సిబ్బంది పిల్లల నుంచి ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తోంది. కోప్పడితే పిల్లలు వినరు. కాగితం మీద లెక్క వేసి చూపిస్తే వింటారు. ఆ లెక్క ఇదీ.

చక్రంలో ఏముంది?

అమెరికాలోని లాస్ వేగాస్, అట్లాంటిక్ సిటీ కాసినోల్లో ‘బిగ్ సిక్స్’ అనే చక్రం ఉంటుంది. ఫోన్లలో తిరిగేవి ఇంచుమించు ఇలాంటివే. సాధారణంగా దానికి 54 గడులు. 1 అంకె 24 గడుల్లో, 2 అంకె 15 గడుల్లో, 5 అంకె 7 గడుల్లో, 10 అంకె 4 గడుల్లో, 20 అంకె 2 గడుల్లో ఉంటాయి. మిగిలిన రెండూ ప్రత్యేక గుర్తులు. మనం కాసిన అంకె పడితే పందేనికి అన్ని రెట్లు లాభం, పందెం సొమ్ము కూడా వాపసు.

ప్రతి గడీ ఒక్కోసారి పడిందనుకుని 54 సార్లు రూ.100 చొప్పున కాద్దాం. మన పెట్టుబడి రూ.5,400. 1 మీద కాస్తే 24 సార్లు రూ.200 చొప్పున రూ.4,800 చేతికొస్తుంది. నష్టం రూ.600, అంటే 11 శాతం పైన. 20 మీద కాస్తే వచ్చేది రూ.4,200 మాత్రమే. నష్టం 22 శాతం దాటింది. ఎక్కువ రెట్లు ఇస్తామన్న గడిలోనే కోత ఎక్కువ!

‘తెలివైన’ పద్ధతుల సంగతి

చాలాసేపటి నుంచి రాని అంకె ఇక రావాల్సిందేనని కొందరి నమ్మకం. చక్రానికి జ్ఞాపకం ఉండదు. ప్రతి తిప్పూ కొత్తదే.

అన్ని అంకెల మీదా కాస్తే? ప్రతి అంకె మీదా నష్టమే ఉన్నప్పుడు, వాటిని కలిపితే లాభం ఎలా వస్తుంది?

మూడోది, ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేయడం. రూ.100తో మొదలుపెట్టి వరుసగా ఏడుసార్లు ఓడితే పోయేది రూ.12,700. 1 అంకె మీద ఇలా జరిగే అవకాశం దాదాపు 61లో ఒకటి. మిగతా 60 సార్లూ గెలిచేది రూ.100 చొప్పున రూ.6,000. రోజూ గెలుస్తున్నట్టే ఉంటుంది, ఒక్క రోజు రెండింతలు ఊడ్చుకుపోతుంది.

ఎంబీఏలో ‘సగటు రాబడి’ అని చదువుకున్నది ఇదే. నష్టం మొత్తం పందేల విలువను బట్టి ఉంటుంది. నిమిషానికి ఒక తిప్పు చొప్పున 1 మీద రూ.100 కాస్తే, గంటకు సగటున రూ.667 పోతుంది. ఏ పద్ధతీ దీన్ని మార్చలేదు. తక్కువగా కాస్తే తక్కువ పోతుంది, కాయకపోతే అసలేమీ పోదు.

బ్యాంకు కుటుంబాలుగా మనం

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. వాటికి చెల్లింపులు జరపకూడదని బ్యాంకులనూ ఆదేశించింది. అందుకే ఇలాంటి సైట్లు ఇతరుల ఖాతాల ద్వారా సొమ్ము తిప్పుతుంటాయి. “నీ ఖాతా వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం” అని ఎవరైనా పిల్లలను అడిగితే వెంటనే కాదనమని చెప్పండి. ఖాతా స్తంభించిపోవడమే కాదు, పోలీసు కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది.

నెలకోసారి పిల్లలతో కలిసి కూర్చుని స్టేట్‌మెంట్ చూడండి. తెలియని పేర్లకు అర్ధరాత్రి వరుసగా రూ.200, రూ.500 యూపీఐ చెల్లింపులు కనిపిస్తే నిదానంగా అడగండి. యూపీఐ పరిమితి తగ్గించండి. పోయిన సొమ్ము రాబట్టుకోవాలని మళ్లీ ఆడనివ్వకండి. అప్పు యాప్‌ల జోలికి వెళ్లారేమో కనుక్కోండి. మోసం జరిగితే 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఆట మానలేకపోతున్నారనిపిస్తే టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.