ఆదివారం ఎవరిది?

మా నూజివీడులో మామిడి సీజనంటే ఊపిరాడనంత పని. ఏప్రిల్‌లో కోతలు ఊపందుకుంటే జూన్ దాకా ముఠా కూలీలకి వారం, వర్జ్యం తెలవవు. తెల్లారకముందే చిక్కం కర్రలేసుకుని ఆటో ఎక్కుతారు. కాయ తెంపితే సొన కారుద్ది, ఒంటిమీద పడితే కాలుద్ది. ట్రేలు సర్ది, బండికెత్తి, నున్న మార్కెట్టుకి పంపేసరికి పొద్దుగూకుద్ది.

మొన్న ఆదివారం నేనూ వారమంతా తోటలెంట తిరిగి తిరిగి ఇంటికొచ్చి అరుగుమీద కూలబడ్డా. ఫోను లోపల పడేశా. పిల్లలు నీళ్ళలో నానేసిన చిన్నరసాలు తెచ్చారు. మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, అందరం జుర్రుకుంటా కబుర్లు చెప్పుకుంటుంటే బుర్రలో బరువు దిగిపోయింది.

అప్పుడే ఎదురింటి కుర్రాడు కోతనించి ఆటో దిగాడు. "రా తమ్ముడూ, ఓ కాయ తిందువుగాని" అన్నా.

"పొద్దున్నించీ కాయలే గదన్నా. పిల్లోడు నిద్రపోకముందే మొహం చూద్దామని" అంటా లోపలికి పోయాడు.

అసలీ ఆదివారం సెలవు ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. నారాయణ మేఘాజీ లోఖండే ముందుండి ఏళ్ళ తరబడి కొట్లాడితే బొంబాయి మిల్లు కార్మికులకి 1890లో దక్కింది. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికో సెలవు రాసింది. మరి తోట ఫ్యాక్టరీ కాదాయె! అదే ఏడాది కనీస వేతనాల చట్టమొచ్చింది. అందులో వ్యవసాయం ఉంది. ఏడు రోజులకో విశ్రాంతి రోజు, ఆ రోజుకి డబ్బులు కూడా సర్కారు నిర్ణయించొచ్చంది. దాని బదులొచ్చిన 2019 వేతన కోడ్‌లోనూ ఆ మాట ఉంది. కానీ మా తోటల్లో లెక్క ఒకటే: రాకపోతే కూలి లేదు. సెలవు తీసుకుంటే పొయ్యి ఆరిపోయేవాడికి అది సెలవెట్టా అవుద్ది?

ఇంకో సంగతి. నేను రసాలు జుర్రుతుంటే మా ఆవిడ దొడ్లో అంట్లు తోముతా ఉంది. వారమంతా ట్రేల్లో కాయలు సర్దింది ఆమేగా! "నువ్వూ రావే" అంటే, "ఇయ్యెవరు తోముతారు?" అంది. సమాధానం లేదు. తోటలో సెలవు గురించి ఉపన్యాసాలిచ్చే నేను ఇంట్లో ఆమె సెలవు తినేస్తన్నా. లేచి, పెద్దోణ్ణి పిలిచి మిగతావి మేం తోమాం. ఆమె అరుగుమీద కూచుంది.

సీజన్లో వారానికో రోజు కూలితో సెలవు. ముఠాలన్నీ ఒక్కమాట మీదుండి మేస్త్రీలనీ తోటలు పాడినోళ్ళనీ అడగాల్సింది ఇదే. కాయ మగ్గటానికే గడ్డిలో నాలుగు రోజులు ఉంచుతామే, మనిషికి ఒక్కరోజు ఇయ్యలేమా?