ఎండే అన్నం, ఈగ నంజుడు!

అమెరికా తూర్పు తీరం. ఉత్తర, దక్షిణ కరోలినాల చిత్తడి మైదానాల్లో, సూదుల్లాంటి పొడవాటి ఆకులతో పైన్ చెట్లు ఎడమెడంగా నిలబడి ఉంటాయి. వాటి నడుమ అడ్డూ ఆపూ లేని నీలాకాశం. అక్కడి నుంచి జాలువారే పచ్చని పసిడి ఎండ, గాలికి ఊగే గడ్డిపరకల మీదుగా జారి జారి, ఇసుక కలిసిన నల్లని తడి నేలను చేరుతుంది. సరిగ్గా అక్కడే, మట్టిని కరుచుకుని, లేత ఆకుపచ్చని ఆకుల కొసన నెత్తుటి రంగు నోళ్లు తెరుచుకుని కూర్చుంటుంది వీనస్ ఫ్లైట్రాప్! సృష్టి దానికి రాసిచ్చిన పుట్టిల్లు ఆ కాస్త నేలే. అప్పుడప్పుడూ రేగే కార్చిచ్చు చుట్టూ కమ్ముకున్న తుప్పల్ని బూడిద చేస్తుంది. నీడ తొలగిన ఆ చోట, మట్టిలో దాగిన కాండం నుంచి కొత్త చిగుళ్లు ఎండకేసి లేస్తాయి.

ఆ నోట్లోకి ఒక్కసారి తొంగిచూడండి. అంచుల వెంట వాడి పళ్ల వరుస. లోపల కెంపులా నిగనిగలాడే నున్నని గోడ. దానిమీద కంటికి ఆనీ ఆనని రోమాలు. తేనె వాసనకు మురిసి వాలిన ఈగ ఒక రోమాన్ని తాకితే మొక్క ఉలకదు. ఇరవై సెకన్లలోపు మరోసారి తాకిందా, సెకనులో పదో వంతులో తలుపులు మూసుకుంటాయి!

అంత దూరం ఎందుకు? వానలు వెలిశాక తెలుగు నేలమీదా, తడి ఆరని బీడుల్లో డ్రోసెరా మొలుస్తుంది. చిన్ని ఎర్రని ఆకుల నిండా సన్నని కేశాలు, ప్రతి కేశం కొసనా స్ఫటికంలాంటి జిగురు బొట్టు. మిట్టమధ్యాహ్నం మండుటెండలోనూ ఆరని ఆ మంచు, వాలిన దోమకు మృత్యుపాశం. మేఘాలయ కొండల్లోనైతే నెపెంథిస్ ఖాసియానా తీగలకు పురుగుల్ని పట్టే కూజాలే వేలాడుతుంటాయి. అతినీలలోహిత కాంతి పడితే ఆ కూజా అంచు నీలంగా మెరుస్తుందని 2013లో కేరళ శాస్త్రవేత్తలు వెల్లడించారు.

ఇన్ని వలలు పన్నినా, ఈ మొక్కలకు కడుపు నింపేది పురుగు కాదు. నిస్సారమైన నేలలో దొరకని నత్రజని, భాస్వరం లాంటి పోషకాలే పురుగు నుంచి అందుతాయి. బతికించే చక్కెరను వండిపెట్టేది వెలుగే. ఆ కెంపు రంగు అద్దేదీ, ఆ జిగురు బొట్టును మెరిపించేదీ వెలుగే.

అలాంటి మొక్కను తెచ్చి హాల్లో టీవీ పక్కన మసక మూలలో పెడితే ఏమవుతుంది? నోటి ఎరుపు పాలిపోతుంది. కాడలు వెలుగును వెతుక్కుంటూ సన్నగా, పొడుగ్గా సాగి వాలిపోతాయి. డ్రోసెరా మంచుబొట్లు ఇంకిపోతాయి. నెపెంథిస్ ఆకులేస్తుంది కానీ కూజా కట్టదు. జాలిపడి ఈగను నోటికందిస్తే, అరిగించుకునే శక్తి లేక ఆ ఆకే కుళ్లిపోవచ్చు.

ఫ్లైట్రాప్‌కూ డ్రోసెరాకూ రోజూ కనీసం నాలుగైదు గంటల నేరుటెండ తగలాలి. నీడపట్టున పెరిగినవాటిని కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి. నెపెంథిస్‌కు పలచని తెరలోంచి వడిసిన కాంతి హాయి. ఎండ పడని ఫ్లాట్లలో మొక్కల కోసం చేసిన ఎల్ఈడీ దీపాన్ని రోజుకు పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు వెలిగించినా చాలు. కుండీకి వాననీరు పోయండి, ఎరువు మాత్రం వేయొద్దు.

ఈ వింత మొక్కను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఈగల కోసం వెతకనక్కర్లేదు. ముందు కిటికీ తెర పక్కకు జరపండి!